లాంతర్ల సందులో పచ్చదోమ

బందర్లో సాయంత్రం కాగానే నాలుగు వేల వీధి దీపాలు వెలిగించే మనిషిని ఎవరూ చూడరు. పదకొండు దీపాలు వెలిగించే మనిషిని చూడ్డానికి మాత్రం మంగినపూడి బీచి నుంచి తిరిగొచ్చే కార్లు కూడా ఆగుతాయి.

అయ్యప్ప కడుపుమంట అక్కడే మొదలైంది.

అతను వీధి దీపాల కాంట్రాక్టు కంపెనీలో లైన్‌మన్. పదిహేనేళ్ళ సర్వీసు. ట్యూబ్‌లైట్లు పోయి సోడియం దీపాలు రావడం, అవి పోయి ఎల్‌ఈడీలు రావడం చూశాడు. గాలివానలో స్తంభాలెక్కాడు. ఒకసారి షాక్ కొట్టి వారం రోజులు ఎడమచెయ్యి లేవలేదు. దీపం వెలగకపోతే జనం ఫోన్ చేసి తిడతారు. వెలిగితే ఏమీ అనరు. ఉద్యోగమంటే అంతేననుకుని సర్దుకుపోయాడు.

లాంతర్ల సందు వచ్చేదాకా.

కోనేరు సెంటర్ వెనక పాత మేడల సందు ఒకటుంది. విజయవాడ కంపెనీ ఏదో దాన్ని లీజుకి తీసుకుని, గోడలకి సున్నం వేయించి, ఇనప స్తంభాలు నాటించి, వాటి మీద పదకొండు గ్యాస్ దీపాలు పెట్టించింది. సందు చివర గదిలో సిలిండర్లు. అక్కడి నుంచి దీపాలకి పైపు. సందులో ఉన్న ఎల్‌ఈడీలు సాయంత్రం కాసేపు ఆర్పి ఉంచాలని అయ్యప్ప కంపెనీకి ఆర్డరొచ్చింది. ఆర్పేవాడు అయ్యప్ప. వెలిగించేవాడు నరేంద్ర.

నరేంద్రది గుడివాడ. నలభై ఏళ్ళుంటాయి, అయినా జుట్టు చెదరదు. మోకాళ్ళ దాకా నల్లకోటు, ఇత్తడి బొత్తాలు, చేతిలో పొడుగాటి కర్ర. కర్ర కొసన చిన్న మంట, పక్కన కొక్కెం. కొక్కెంతో దీపం కింది మీట లాగి మంటని లోపలికి చూపిస్తే, గాజుపెట్టెలో చిన్న సంచిలాంటి మాంటిల్ ముందు నీలంగా, తర్వాత పసుపుగా, ఆ తర్వాత వెన్నముద్దలా వెలిగేది. జనం "ఓ..." అనేవాళ్ళు.

ఒక్కో దీపానికీ ఒక్కో "ఓ".

అంతటితో ఊరుకుంటాడా, మైకులో కబుర్లు కూడా.

"లండన్లో మొదటిసారి వీధిలో గ్యాస్ దీపాలు వెలిగించింది పద్ధెనిమిది వందల ఏడులో అండీ. గొట్టాల్లో నిప్పు పారుతుందేమోనని పెద్దపెద్ద దొరలు చేతులకి తొడుగులేసుకుని తడిమి చూశారట! మనకి కలకత్తాలో పద్ధెనిమిది వందల యాభై ఏడులో, బొంబాయిలో అరవై అయిదులో వచ్చాయి. మన బందరుకి రాలేదండి, అబద్ధం చెప్పను. ఇక్కడ కిరసనాయిలు దీపాలే. నిచ్చెన భుజాన, నూనె డబ్బా చేతిలో, రోజూ గాజు తుడవాలి, ఒత్తి కత్తిరించాలి. వెన్నెల రాత్రుల్లో మాత్రం సెలవు. ఎందుకంటే, చంద్రుడు జీతం అడగడు కదండీ!"

జనం చప్పట్లు.

"బందర్లో లేనిదాన్ని తెచ్చి బందరు హెరిటేజ్ అంటాడు. దానికి చప్పట్లు!" అన్నాడు అయ్యప్ప, సందు మొదట్లో నిచ్చెన బండికి ఆనుకుని.

బండి డ్రైవర్ సాజిద్ పల్లీలు ఒలుచుకుంటున్నాడు. "నీకెందుకు బావా ఏడుపు? నువ్వూ ఓ కోటేసుకుని కంట్రోల్ బాక్సు దగ్గర నిలబడు. స్విచ్చెయ్యి, చెయ్యూపు."

"నాలుగు వేల దీపాలు సాజిదూ."

"అదే తంటా. ఒక్కటైతే చూస్తారు. నాలుగు వేలైతే ఎవడు చూస్తాడు? నక్షత్రాల్ని ఎవడైనా లెక్కపెడతాడా?"

ఓదార్పుగానే అన్నాడు సాజిద్. అయ్యప్పకి ఇంకా మండింది.

అయినా ఆ మంట అక్కడితో ఆరిపోయేదే. ఆరకపోవడానికి కారణం సుభాషిణి.

సుభాషిణి అయ్యప్ప భార్య. దివిసీమలో కోడూరు ఆడపడుచు. ఒకసారి ఆ దీపాలు చూద్దామని వెళ్ళింది. రెండోసారి పక్కింటావిడ కోసం వెళ్ళింది. మూడోసారి వెళ్ళడానికి కారణం చెప్పలేదు. ఆ తర్వాత రోజూ అయిదింటికల్లా వంట ముగించి, జడ వేసుకుని బయల్దేరేది.

ఇంటికొచ్చాక అవే కబుర్లు.

"మాంటిల్ అంటే గుడ్డ అనుకున్నానండీ. గుడ్డే. కానీ మొదటిసారి కాల్చేశాక బూడిద అయిపోతుందట. ఆ బూడిదే వల లాగా నిలబడి వెలుగుతుందట. వేలు తగిలితే చాలు, పొడి. అన్నయ్యగారు చూపించారు."

అన్నయ్యగారు అంటే నరేంద్ర. అది విని అయ్యప్ప అన్నం కలుపుకున్నాడు.

వారం పోయాక ఇంకోమాట విన్నాడు.

"ఇవాళ నరేంద్రగారు గాలివాటం చూసి కర్ర ఎలా పట్టాలో చెప్పారు."

అయ్యప్ప చెయ్యి కంచంలో ఆగిపోయింది. అన్నయ్యగారు ఎప్పుడు నరేంద్రగారయ్యాడు? ఏ రోజు? ఎవరు చెప్తే?

అడగలేదు. అడిగితే చిన్నవాడైపోతాడు. మజ్జిగ పోసుకుని లేచాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కన సుభాషిణి హాయిగా నిద్రపోతోంది. ఆమె చేతి నుంచి సన్నగా గ్యాసు వాసన వస్తోంది. అయ్యప్ప పదిహేనేళ్ళుగా కరెంటు పని చేస్తున్నాడు. కరెంటుకి వాసన ఉండదు.

అసలు సంగతి మర్నాడు సాజిద్ నోట తెలిసింది.

"కంగ్రాచ్యులేషన్స్ బావా. ఇంట్లో ఇంకో దీపాల ఉద్యోగి!"

"ఎవరు?"

"చెప్పలేదా? లాంతర్ల సందులో రెండో మనిషిని తీసుకుంటారట. మీ ఆవిడ పేరిచ్చింది. నరేంద్ర గట్టిగా రికమెండ్ చేశాడంట. శనివారం విజయవాడ నుంచి దయామణి గారొస్తోంది. కంపెనీ మేనేజరు. షో నచ్చితే ఇంకో సందు కూడా తీసుకుంటారు, ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే మొత్తం ఎత్తేస్తారట, జనం వస్తున్నా ఖర్చు ఎక్కువవుతోందని."

అయ్యప్ప నిచ్చెన ఎక్కాడు. పై నుంచి చూస్తే బందరు డాబాలన్నీ కనిపిస్తాయి. అతనికి ఒక్క సందే కనిపించింది. రోజూ సాయంత్రం, ఆ సందులో, ఆ కోటు పక్కన తన భార్య. చప్పట్లు. ఫోన్ల ఫ్లాష్‌లు. ఇద్దరూ ఒకే కర్ర మార్చుకుంటూ.

శనివారం షో పాడవ్వాలి.

ఎలా అన్నది ఆ క్షణంలో తెలియదు. పైపు మీద చెయ్యి వేసేంత దుర్మార్గుడు కాడు. గ్యాసుతో ఆటలాడితే ప్రాణాలు పోతాయి. మాంటిళ్ళు చిదిమేస్తే? నిచ్చెన తన దగ్గరే ఉంది, పట్టపగలు ఎక్కినా అడిగేవాడు లేడు. కానీ నరేంద్ర సాయంత్రం ఒక్కోటీ చూసుకుంటాడు. తను దొరికిపోతాడు.

దారి చూపించింది అత్తగారే. పాపం, ఆవిడకి తెలియదు.

గురువారం సుభాషిణి తల్లికి మందులు పంపింది. అయ్యప్ప బండి మీద కోడూరు వెళ్ళాడు. కార్తీకం. వరి పొట్ట మీదుంది. దారి పొడుగునా పచ్చదోమ. మినప్పొట్టంత పురుగు, పచ్చగా ఉంటుంది, పొద్దు వాలేసరికి చేలలోంచి మబ్బులా లేచి ఎక్కడ వెలుగుంటే అక్కడికి వస్తుంది. ఆ నెలలో దివిసీమలో కళ్ళజోడు లేకుండా బండి నడిపినవాడు కళ్ళు పోగొట్టుకున్నట్టే.

అత్తగారు మహాలక్ష్మమ్మ అల్లుడికి మంచినీళ్ళిచ్చి, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసింది. పెరట్లో ఒక్క బల్బు ఉంచి, దాని కింద నీళ్ళ బేసిన్ పెట్టింది.

"చీకట్లో కూర్చోబెట్టానని ఏమనుకోకు బాబూ. అన్నీ వెలిగితే పురుగు ఇల్లంతా పంచుకుంటుంది. ఒక్కటి ఉంచితే మొత్తం దానికే పోతుంది. చూస్తుండు."

అయ్యప్ప చూశాడు. పావుగంటలో బల్బు కనపడకుండా పోయింది. బేసిన్‌లో నీళ్ళ మీద పచ్చటి మీగడ కట్టింది.

"ఒక్కటి ఉంచితే మొత్తం దానికే" అనుకున్నాడు.

"ఏంటి బాబూ?"

"ఏం లేదత్తయ్యా. మంచి ఉపాయం."

బందరు కూడా డెల్టా ఊరే. ఊరు దాటితే నాలుగు వైపులా వరే. మరి లాంతర్ల సందులోకి దోమ ఎందుకు రాదు? ఎందుకంటే, చుట్టూ అయ్యప్ప దీపాలున్నాయి. తెల్లగా, ఎత్తుగా, వందల కొద్దీ. పురుగు వాటికి పంచుకుంటుంది. సందులో మెత్తటి పసుపు దీపాలకి నాలుగు పురుగులు వస్తే గొప్ప.

అంటే నరేంద్ర చప్పట్లకి ఇన్నాళ్ళూ కాపలా కాస్తున్నది ఎవరు?

అయ్యప్పకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

శనివారం పొద్దున సుభాషిణి టిఫిన్ పెడుతూ అంది. "ఇవాళ సాయంత్రం మీరు రావాలి. తప్పకుండా."

"డ్యూటీ ఉంది."

"ఒక్క అరగంటండీ."

"గుడివాడ రోడ్డులో కేబులు పోయింది. కుదరదు."

ఆమె మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయి మానేసింది. ఉద్యోగం సంగతి ఇప్పటికీ తనతో చెప్పలేదన్నమాట. ఆ ఒక్క మౌనంతో అయ్యప్పలో మిగిలిన కాస్త జంకూ పోయింది.

సాయంత్రం అయిదున్నరకి సందు మొదట్లో కంట్రోల్ బాక్సు తెరిచి, సందులోని దీపాలు ఎప్పటిలాగే ఆఫ్ చేశాడు. తర్వాత సాజిద్‌ని బండి తిప్పమన్నాడు. చుట్టుపక్కల మూడు వీధులు, మూడు బాక్సులు. మూడింటినీ ఆటోమేటిక్ నుంచి తప్పించి ఆఫ్‌లో పెట్టాడు.

"ఇవెందుకు బావా?"

"పెద్దావిడ వస్తోందిగా. ఇంకా చీకటి కావాలన్నారు."

"ఎవరన్నారు?"

"పైవాళ్ళు."

సాజిద్ పల్లీ నోట్లో వేసుకుని అతని మొహంలోకి చూశాడు. "పైవాళ్ళంటే, నీ కన్నా పైన ఉన్నవాళ్ళా, నీ తలకాయలో ఉన్నవాళ్ళా?"

"బండి తియ్యి."

"నేను టీ తాగాలి. నువ్వు దిగు."

అయ్యప్ప దిగి నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. సందు మొదట్లో బాక్సు వెనక గోడ మూల ఉంది. అక్కడ నిలబడితే సందంతా కనిపిస్తుంది, తను ఎవరికీ కనిపించడు. రెండు వందల మంది పైనే చేరారు. ముందు వరసలో కుర్చీ, కుర్చీలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. దయామణి.

చీకటి పడింది. రోజూ పడే చీకటి కాదు. ఆకాశం తప్ప ఏమీ లేని చీకటి. జనం గుసగుసలు మానేశారు.

మైకు గురగురలాడింది. నరేంద్ర గొంతు. "పూర్వం దీపాలు వెలిగించేవాడు వీధిలోకి వస్తే పిల్లలు ఆటలాపేవాళ్ళట, ఇళ్ళల్లో పొయ్యి వెలిగించేవాళ్ళట. ఇవాళ మన సందులోకి కొత్త మనిషి వస్తోంది. చూడండి."

సందు చివర మంట కనిపించింది. మంట కింద కర్ర. కర్ర కింద నల్లకోటు. కోటు కింద నెమలికంఠం రంగు చీర కుచ్చిళ్ళు.

ఆ చీర అయ్యప్ప కొన్నదే.

సుభాషిణి మొదటి స్తంభం దగ్గర ఆగింది. కొక్కెం తగిలించింది. లాగింది. మంట చూపించింది. నీలం, పసుపు, వెన్నముద్ద.

"ఓ..."

ఇంతకుముందు ఎన్నడూ వినని "ఓ" అది. చుట్టూ అంత చీకటి ఉంటే గ్యాస్ దీపం ఎలా ఉంటుందో బందరు ఎప్పుడూ చూడలేదు. పాత గోడలు బంగారం పూసినట్టు లేచాయి. సుభాషిణి నీడ సందంత పొడుగు సాగింది. రెండో దీపం. మూడో దీపం. దయామణి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అయ్యప్ప గోడ పట్టుకున్నాడు. తన చీకటి. తను చేసిన చీకటి. దాంట్లో ఆమె వెలుగుతోంది. నరేంద్ర మీద ఉన్న మంట ఒక్కసారిగా దారి తప్పి ఎటు పోవాలో తెలియక తిరిగింది. తన భార్యని రెండు వందల మంది చూస్తున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను అలా చూశాడా? గుర్తు రాలేదు. వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. ఆమె మీద కూడా. వాళ్ళకి దొరికింది తనకి దొరకలేదు.

పదకొండో దీపం వెలిగింది. చప్పట్లు వర్షంలా కురిశాయి.

అప్పుడొచ్చింది పచ్చదోమ.

ముందు ఎవరో చెంప మీద కొట్టుకున్నారు. ఇంకెవరో దగ్గారు. తర్వాత దీపాల చుట్టూ ఆకుపచ్చ పొగ తిరిగింది. మూడు వీధులు చీకటిగా ఉన్నాయి. ఆ మూడు వీధుల పురుగూ, వాటి వెనక చేల పురుగూ, పదకొండు దీపాల మీదకి దూకింది. గాజుపెట్టెల కింద సందుల్లోంచి లోపలికి చొరబడింది. మాంటిల్ అంటే బూడిద. బూడిద మీద వందల పురుగులు.

మూడో దీపం టప్‌మంది. మాంటిల్ రాలిపోయి మంట పక్కకి నాలుక చాపింది. సుభాషిణి కొక్కెంతో మీట తోసి ఆర్పేసింది. ఏడోది పోయింది. జనం చీర కొంగులు, చేతిరుమాళ్ళు మొహాలకి కప్పుకుని వెనక్కి తోసుకుంటున్నారు. దయామణి కళ్ళజోడు తీసి విదిలిస్తోంది.

ఇదే కదా కావాలనుకున్నది.

అయ్యప్ప కదల్లేదు. ఇంకో అయిదు నిమిషాలు ఊరుకుంటే చాలు. షో పోతుంది. ఉద్యోగం పోతుంది. కోటు పోతుంది. సుభాషిణి సాయంత్రాలు ఇంట్లో ఉంటుంది. ఆమె జుట్టు నిండా పురుగులు. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో కర్ర వదలకుండా, పరుగెత్తకుండా నిలబడింది. పారిపోవచ్చు కదా? ఎందుకు పారిపోదు?

ఆమె కర్ర చెయ్యి మార్చుకుని నడుముకున్న ఫోన్ తీసింది.

అయ్యప్ప జేబులో ఫోన్ వణికింది.

తియ్యకూడదనుకున్నాడు. తీశాడు.

"ఏవండీ! చుట్టుపక్కల వీధి లైట్లు పోయినట్టున్నాయి. పురుగంతా మా మీదకి వచ్చి పడింది. ఎక్కడున్నా సరే, ఎవరికైనా చెప్పి అవి వేయించండి. వెలుగు చూస్తే అటు పోతుంది. తొందరగా!"

ఆమెకి ఇంకా అనుమానం లేదు. సాయానికి మొగుణ్ణి పిలిచింది. అంతే.

"గుడివాడ రోడ్డులో ఉన్నాను," అన్నాడు. నోటికి అదే వచ్చింది.

సరిగ్గా అప్పుడే నరేంద్ర మైకు అందుకున్నాడు. "ఎవరూ కంగారు పడకండి! తోసుకోకండి! పిల్లల్ని ఎత్తుకోండి!"

సందంతా మోగింది ఆ గొంతు. సందు మొదట్లో గోడ మూల కూడా మోగింది. అక్కడి నుంచి అయ్యప్ప ఫోన్లోకి దూరి, సుభాషిణి చెవిలో ఇంకోసారి మోగింది.

ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచి తల తిప్పింది. సందు మొదలు వైపు, బాక్సు వైపు చూసింది. మొహం నిండా పురుగులున్నా కళ్ళు ఆర్పలేదు. ఒక్క దీపం ఉంచితే పురుగు ఎటు వస్తుందో ఆ కోడూరు పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు వీధులు ఒక్కసారే ఎవరి చెయ్యి పడితే ఆరతాయో కూడా.

"సరే," అంది ఫోన్లో, మెల్లగా. "గుడివాడ రోడ్డులోంచే లైట్లు వెయ్యండి."

పెట్టేసింది.

అయ్యప్ప పరుగెత్తాడు. మొదటి వీధి బాక్సు. తాళం చేతిలో జారింది. తెరిచాడు, లివర్ లేపాడు. ఆ వీధి తెల్లగా వెలిగింది. రెండో వీధి. రొప్పుతున్నాడు. మూడో వీధి బాక్సు దగ్గరికి వెళ్ళేసరికి అది తెరిచే ఉంది, బండిలో ఉండే రెండో తాళంచెవి దానికే వేలాడుతోంది. సాజిద్ లివర్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"నేనే వేద్దామా అనుకుంటున్నా బావా. నువ్వు రాకపోతే."

అయ్యప్ప అతని చెయ్యి పక్కకి తోసి లివర్ లేపాడు.

"కరెంటొచ్చిందోయ్!"

సందులోంచి ఒక్క అరుపు. రెండు వందల గొంతులు. ఈలలు, చప్పట్లు. అయ్యప్ప ఉద్యోగంలో చేరాక అతని దీపాలకి వచ్చిన మొదటి చప్పట్లు అవి. చెంపదెబ్బల్లా వినిపించాయి.

పచ్చదోమ మెల్లగా లేచింది. తెల్లటి వెలుగు వైపు, వీధుల్లోకి, ఎత్తుకి. పావుగంటకి సందు తేటపడింది. సుభాషిణి నిచ్చెన తెప్పించి, పాడైన దీపాలకి కొత్త మాంటిళ్ళు కట్టింది. తెల్లటి గుడ్డ సంచి నల్లబడటం, ముడుచుకోవడం, బూడిదై మళ్ళీ తెల్లబడటం, ఆ బూడిద భగ్గున వెలగడం జనం దగ్గర్నుంచి చూశారు. దయామణి కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. "ఇంత జరిగినా కర్ర కింద పెట్టలేదే ఈ అమ్మాయి," అంది నరేంద్రతో.

ఉద్యోగం ఖాయమైంది.

ఇంటికి నడిచి వెళ్ళారు. ఆమె ముందు, అతను వెనక. వాకిట్లో కుళాయి కింద తల కడుక్కుని, తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుని, అరుగు మీద కూర్చుంది.

"నరేంద్రగారి మీద అనుమానమా?"

"అన్నయ్యగారన్నావు. తర్వాత నరేంద్రగారన్నావు."

సుభాషిణి నివ్వెరపోయి చూసింది. "డ్యూటీలో అన్నయ్యలు చెల్లెళ్ళు వద్దు, పేరుతో పిలవండి అన్నారాయన. దానికా?"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"వస్తుందో రాదో తెలియని ఉద్యోగం. వచ్చాక చెబుదామని. మీరు నవ్వుతారని భయం. పొద్దున రమ్మన్నాను కదండీ, మీరు చూడాలనే."

అయ్యప్ప మెట్టు మీద కూర్చున్నాడు. ఇక దాచుకునేది లేదు.

"వాడి మీద కాదు సుభా. అది కొంతే. పదిహేనేళ్ళ నుంచి వెలిగిస్తున్నాను. ఊరు సంగతి వదిలెయ్. నువ్వు ఒక్కసారైనా తలెత్తి చూశావా?"

"మీరు ఎప్పుడైనా చూపించారా?" అందామె వెంటనే. "ఎక్కడో బాక్సు దగ్గర మీరు, వంటింట్లో నేను. లైటొస్తే మా ఆయన బతికే ఉన్నారు, షాక్ కొట్టలేదు అనుకుంటాను. రోజూ అనుకుంటాను. అది చూడ్డం కాదా?"

అయ్యప్ప జేబులోని బాక్సు తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టాడు.

"దయామణి గారికి చెప్తావా?"

"చెప్పను. మీ ఉద్యోగం పోతుంది. నరేంద్రగారికి మాత్రం మీరే చెప్పాలి. రేపే. ఆయన ఎదుట ఏమీ తెలియనట్టు నేను నటించలేను."

మర్నాడు మధ్యాహ్నం సిలిండర్ల గది అరుగు మీద నరేంద్ర దీపాల గాజులు తుడుస్తున్నాడు. కోటు లేదు. మామూలు లుంగీ, బనీను. అలా చూస్తే ఎవరైనా అసూయ పడే మనిషిలా లేడు. అయ్యప్ప నిలబడే చెప్పాడు. నాలుగు మాటల్లో.

నరేంద్ర చేతిలో గాజు కింద పెట్టాడు. లేచాడు. కొడతాడనుకున్నాడు అయ్యప్ప.

"పిల్లలున్నారయ్యా ఆ గుంపులో. తొక్కుకుని ఉంటే?"

"తప్పే."

"తప్పా? నీ చెంప పగలగొట్టాలని ఉంది." కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత మళ్ళీ కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు. "మా నాన్నకి గుడివాడలో పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే కొట్టుండేది. పెళ్ళి ఊరేగింపు అంటే మా లైట్లే. జనరేటర్‌వాడు వచ్చాడు. సీరియల్ బల్బులు, రంగులు. జనం మా వైపు చూడ్డం మానేశారు. ఒక పెళ్ళిలో మా నాన్న వాడి వైరు కోసేశాడు."

"తర్వాత?"

"ఏముంది? పెళ్ళికూతురు చీకట్లో కాలవలో పడింది. తర్వాత బతుకు గడవక, మా నాన్న ఆ జనరేటర్‌వాడి దగ్గరే పనికి చేరాడు." నరేంద్ర గాజులోంచి వెలుగుకేసి చూశాడు. "వెళ్ళు. ఇంకోసారి చేస్తే మాత్రం సుభాషిణి గారి మొహం చూసి కూడా ఊరుకోను."

ఆ వారమే నరేంద్ర కొత్త సందు పనులకి వెళ్ళిపోయాడు. లాంతర్ల సందు సుభాషిణిదైంది. వీడియోలు వచ్చాయి. బీచి నుంచి తిరిగొచ్చేవాళ్ళు ఆమె పేరు అడిగి మరీ ఆగుతున్నారు.

ఆ పై సోమవారం సాయంత్రం అయ్యప్ప సందులో దీపాలు ఆర్పి, చుట్టూ మూడు వీధులు వెలుగుతున్నాయో లేదో తిరిగి చూసుకుని, గుంపులో నిలబడ్డాడు. గోడ మూల కాదు, ముందు వరసలో. సుభాషిణి కర్రతో వచ్చింది. అతన్ని చూసింది. నవ్వలేదు. అలాగని చూపు తిప్పుకోలేదు కూడా. దీపం వెలిగింది.

"ఓ..."

పక్కనే ఒకతను ఫోన్ ఎత్తి పట్టుకుని, వంగి, ఆమెని కింది నుంచి పై దాకా తీస్తున్నాడు. "ఏం అందమండీ బాబూ!" అన్నాడు అయ్యప్పతో. దీపం గురించో ఆమె గురించో తెలియదు.

"మా ఆవిడ," అన్నాడు అయ్యప్ప.

"అవునా! అదృష్టవంతులండీ. మీరేం చేస్తుంటారు?"

"వీధి దీపాలు. ఊరంతా."

"అవి వాటంతటవే వెలుగుతాయి కదండీ?" అన్నాడతను, ఫోన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

అయ్యప్ప చెయ్యి జేబులోకి వెళ్ళింది. బాక్సు తాళంచెవి చల్లగా తగిలింది. బాక్సు నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఒక్క లివర్ లేపితే సందంతా తెల్లబారిపోతుంది. ఆ ఫోన్‌లో ఏమీ మిగలదు. తాళంచెవి వేళ్ళ మధ్య వెచ్చబడేదాకా అలాగే పట్టుకున్నాడు.

సుభాషిణి రెండో దీపం వైపు నడుస్తోంది. జనం కిక్కిరిసి దారి లేదు.

అయ్యప్ప చెయ్యి బయటికి తీసి, ఫోనతన్ని భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే.

"జరగండి," అన్నాడు. "కర్ర తగులుతుంది."